బిళ్ళగన్నేరు ఆకు రసం: కీమోలో ఉన్న పిల్లలకు ఇవ్వొచ్చా?

సిరి వాళ్ళమ్మ:
మా పాపకి బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్ అనే రకం. వారం వారం విన్‌క్రిస్టిన్ ఎక్కిస్తున్నారు. మా పిన్నత్తగారు ఫోన్ చేసి, "ఆ మందు బిళ్ళగన్నేరు నుంచే తీస్తారట కదమ్మా, పెరట్లో ఉన్నదానికి వేలు పోయడమెందుకు, పరగడుపున రెండు చెంచాల రసం పట్టు" అంటున్నారు. నెట్‌లో చూస్తే మందు నిజంగానే ఆ మొక్కది. ఎవరైనా ఇచ్చారా?

బాషా, కర్నూలు:
మా నాన్న షుగర్‌కని ఏళ్ళ తరబడి ఆ ఆకు నమిలారు. ఏమీ కాలేదు. షుగరూ తగ్గలేదు లెండి.

మందుల కొట్టు శీను:
బాషా అన్నా, అసలు కథ మొదలైందే షుగర్‌తో. జమైకాలో షుగర్‌కి ఈ ఆకు టీ తాగేవాళ్ళు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకల మీద చూశారు. తాగిస్తే పెద్దగా ఏమీ లేదు. సూదితో ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లతో ఎలుకలు చచ్చాయి. అక్కడ పట్టుకుని 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందుని వేరు చేశారు, ఆ వెనకే విన్‌క్రిస్టిన్ వచ్చింది.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నటి పోగులుంటాయి. ట్యుబులిన్ అనే ప్రోటీన్‌తో అవి తయారవుతాయి. ఈ మందు ట్యుబులిన్‌ని పట్టేసుకుంటుంది, పోగు కట్టుకోదు, కణం మధ్యలోనే ఆగి చస్తుంది. నరాల్లోనూ అవే పోగులు, అందుకే తిమ్మిర్లు.

టన్నుల ఎండుటాకు ఉడికిస్తే వచ్చేది గ్రాముల్లోనే. పాప ఎత్తు, బరువు చూసి డోసు కడతారు, పెద్దవాళ్ళకైనా మామూలుగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటించరు. రెండు చెంచాల రసంలో ఏది ఎంతుందో ఎవరు చెప్తారు? ఆ ఆకులో ఇంకా బోలెడు ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్క రసాయనాలు, ఉన్నాయి. వద్దు.

ఇంకోటి, కీమో మందుల్లో ఇది చవకైనదే. ఖర్చంతా బెడ్డుకీ, పరీక్షలకీ. కార్డుంటే ఆరోగ్యమిత్రని కలవండి.

లక్ష్మి, ఖమ్మం:
మా వాడికి అదే మందు. నడుస్తుంటే చెప్పు జారిపోయేది, బొటనవేలు నేలకి రాసుకునేది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. చెప్తే డాక్టరు డోసు మార్చి ఫిజియోథెరపీ రాశారు. నెమ్మదిగా సర్దుకుంది. ఫంగస్‌కి వాడే కొన్ని మాత్రలతో కూడా ఈ మందు విషం పెరుగుతుందట, అందుకే ఏం మింగించినా అడుగుతారు. మీ పిన్నత్తగారితో గొడవొద్దు, డాక్టర్ వద్దన్నారని చెప్పండి చాలు.

బాషా, కర్నూలు:
మరి పసుపు పాలు?

మందుల కొట్టు శీను:
కూరలో పసుపు ఎవరు కాదన్నారు? పసుపులోని కర్క్యుమిన్ ల్యాబ్‌లో గిన్నెలోని కణాలను చంపుతుంది, నిజమే. తింటే రక్తంలోకి చేరేది బాగా తక్కువ. మిరియం కలిపిన పసుపు క్యాప్సూళ్ళు వేరే మందుల పనితీరునీ మార్చొచ్చు, చెప్పకుండా వేయకండి.

సిరి వాళ్ళమ్మ:
థాంక్సండీ, రసం ఆలోచన మానేశాను ఇక. లక్ష్మక్కా, పాపకి విరేచనం కాక ఏడుస్తోంది, మీరేం చేశారు?

లక్ష్మి, ఖమ్మం:
ఈ మందుతో అది మామూలే అమ్మా. మాకు లాక్టులోజ్ సిరప్ రాశారు, నీళ్ళు బాగా పట్టించేదాన్ని. కడుపు ఉబ్బినా, వాంతులైనా ఆగకుండా వార్డుకి ఫోన్ చెయ్యి. ఇంట్లో ఎనీమా మాత్రం పెట్టకు, రక్తకణాల కౌంట్స్ తక్కువున్నప్పుడు ఇన్ఫెక్షన్ అవుతుంది.