కొత్త టీవీకి పాత డీవీడీ ప్లేయరు, హోమ్ థియేటరు కలపడం ఎలా?

పదిహేనేళ్లుగా వాడుతున్న మా పాత డబ్బా టీవీ గత నెలలో పూర్తిగా మూలన పడింది కనుక, దాని స్థానంలో 43 అంగుళాల టీవీ కొనాలనుకుంటున్నాము. సోఫాకూ గోడకూ మధ్య దూరం ఏడడుగులు. మేము చూసేది ఎక్కువగా సెట్ టాప్ బాక్సులో వచ్చే హెచ్‌డీ చానెళ్లే కాబట్టి, 1920×1080 ఫుల్ హెచ్‌డీ సరిపోతుందా, లేక 3840×2160 ఉన్న 4కే తీసుకోవడమే మేలా?

అసలు చిక్కు పాత పరికరాలతోనే. సెట్ టాప్ బాక్సుకు హెచ్‌డీఎంఐ ఉంది, దానితో బెంగ లేదు. నాన్నగారి డీవీడీ ప్లేయరుకు మాత్రం పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ వైరు ఒక్కటే దారి. దుకాణంలో చూసిన టీవీ వెనుక ఆ మూడింటికి బదులు ‘ఏవీ ఇన్’ అని రాసిన చిన్న గుండ్రటి రంధ్రం ఒక్కటే ఉంది. దానికి బజారులో దొరికే ఏ అడాప్టరు వైరైనా సరిపోతుందా, లేక టీవీని బట్టి పిన్నుల అమరిక మారుతుందా? అమ్మే అబ్బాయి ‘అన్నీ పనిచేస్తాయండీ’ అన్నాడు గానీ, పెట్టి చూపించమంటే మాట మార్చాడు.

హోమ్ థియేటరుకు ఎరుపు, తెలుపు ఇన్‌పుట్లే తప్ప ఆప్టికల్ (కాంతి ద్వారా డిజిటల్ శబ్దాన్ని తీసుకునే దారి) గానీ ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ వైరు ద్వారానే టీవీ శబ్దాన్ని తీసుకునే దారి) గానీ లేవు. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే కన్వర్టరు పెట్టి, సెట్టింగులలో పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) ఎంచుకుంటే చాలునని ఒక మిత్రుడు చెప్పారు. ఇలా వాడుతున్నవారు, పెదవుల కదలిక కంటే మాట ఆలస్యంగా వినిపిస్తోందా, శబ్దం టీవీ రిమోటుతో తగ్గుతోందా అన్నది దయచేసి తెలియజేయగలరు.