గుంటూరులో ఇద్దరం కలిసి లా ఫర్మ్ పెట్టాలనుకుంటున్నాం: రిజిస్ట్రేషన్, పన్నులు, పెట్టుబడి గురించి చెప్పగలరు

బ్రాడీపేట జూనియర్:

సీనియర్లందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఆరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా స్నేహితురాలిది విజయవాడ, తనకీ అంతే సర్వీసు. ఇద్దరం సీనియర్ల ఆఫీసుల నుంచి బయటికొచ్చి సొంతంగా ఫర్మ్ పెట్టుకుందామని నిర్ణయించుకున్నాం. బ్రాడీపేట నాలుగో లైన్లో మేడ మీద రెండు గదులు చూశాం. అద్దె నెలకు 14,000, ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. ఇద్దరి దగ్గరా కలిపి 4 లక్షలు ఉన్నాయి. మా బావగారు ఇంకో 5 లక్షలు పెడతానంటున్నారు, అందుకు లాభంలో 20 శాతం వాటా కావాలంటున్నారు. ఆయన లాయరు కాదు, మిర్చి వ్యాపారం.

ఫర్మ్ పేరును బార్ కౌన్సిల్లో నమోదు చేయించాలా? మామూలు పార్ట్‌నర్‌షిప్ మంచిదా, ఎల్ఎల్‌పీ (పార్ట్‌నర్ల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ) మంచిదా? ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ నెలనెలా రిటైనర్ (తమ పనులు చూసిపెట్టినందుకు స్థిరమైన ఫీజు) ఇస్తామంటోంది, కానీ జీఎస్టీ నంబరు లేకపోతే బిల్లు పాస్ కాదని వాళ్ల అకౌంటెంట్ అంటున్నాడు. ఇద్దరి ఫీజులూ కలిపితే ఏడాదికి 12 లక్షల దాకా రావచ్చు. వచ్చే నెలలో గదులు తీసుకోవాలి, ఒకటే టెన్షన్‌గా ఉంది.

గవర్నర్‌పేట సీనియర్:

అమ్మా, ముందు మీ బావగారి సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. న్యాయవాది కాని మనిషితో పార్ట్‌నర్‌షిప్ గానీ, ఫీజు పంచుకునే ఇంకే ఏర్పాటు గానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు ఒప్పుకోవు. కాగితం మీద రాసినా, నోటి మాటగా అనుకున్నా ఒకటే. ఇది రేపు ఫిర్యాదుగా మారితే పోయేది ఆయన డబ్బు కాదు, మీ సనద్, అంటే ప్రాక్టీసు చేసే అర్హతే. ఆయనకు నిజంగా సాయం చేయాలని ఉంటే అప్పుగా ఇవ్వమనండి. ఇంత అసలు, ఇంత వడ్డీ, ఫలానా తేదీకి తీర్చాలి అని నోటు రాసుకోండి. వడ్డీని మీ ఫీజుల్లో శాతంగా మాత్రం పెట్టొద్దు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20,000 గానీ అంతకు మించి గానీ అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ పెనాల్టీ పడే ప్రమాదం ఉంది.

అసలు ఆ 5 లక్షలు మీకు అవసరమా అని కూడా లెక్క వేసి చూశాను. అడ్వాన్సు 84,000. బల్లలు, బీరువా, కంప్యూటర్, ఈ-ఫైలింగ్‌కి మంచి స్కానర్, ఇన్వర్టర్ కలిపి 1,10,000 అనుకోండి. నెల ఖర్చు చూస్తే అద్దె 14,000, గుమస్తాకి 12,000, కరెంటు, ఇంటర్నెట్ 3,000, కాగితాలు, జిరాక్సు 2,000, జర్నల్ చందా 1,000. మొత్తం 32,000. ఆరు నెలలకు 1,92,000. అన్నీ కలిపితే 3,86,000. అంటే మీ చేతిలో ఉన్న దానితోనే, ఒక్క రూపాయి ఫీజు రాకపోయినా ఆరు నెలలు ఆఫీసు నడుస్తుంది. అడ్వాన్సు మూడు నెలలకు తగ్గించమని ఓనర్ని గట్టిగా అడగండి, 42,000 మిగులుతుంది. ఏసీ, సోఫాలు రెండో ఏడు చూసుకోవచ్చు.

ఫర్మ్‌ని బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ చేయించడం అంటూ లేదు. 1961 అడ్వకేట్స్ చట్టం కింద ఎన్‌రోల్ అయ్యేది మనిషే. కాబట్టి మన కోర్టుల్లో వకాలత్ మీ ఇద్దరి పేర్లతో, మీ నంబర్లతో, మీ సంతకాలతోనే వెయ్యాలి. ఏ పార్టీ వచ్చినా ఇద్దరి పేర్లూ రాయించుకోండి. ఒకరు విజయవాడ సివిల్ కోర్టుల సముదాయంలో ట్రయల్‌లో ఉన్నప్పుడు గుంటూరులో వాయిదాకి ఇంకొకరు లేవగలగాలి కదా.

అరండల్‌పేట ఆడిటర్:

పన్నుల సంగతి నేను చెబుతానండీ. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, అందుకే వీలైనంత వరకు నంబర్లు వదిలేసి లెక్క చెబుతాను.

మనమంతా 44ఏడీఏ అని పిలుచుకునే పద్ధతి మీరు వినే ఉంటారు. వచ్చిన ఫీజులో సగం లాభం అని చూపించి, దాని మీద పన్ను కట్టడం. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉన్నవాళ్లకు, నగదు రాబడి 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా, ఇది వర్తిస్తుంది. ఎల్ఎల్‌పీకి లేదు. మామూలు పార్ట్‌నర్‌షిప్‌కి ఉంది. అందుకని చాలామంది "పార్ట్‌నర్‌షిప్ పెట్టి సగం చూపిస్తే సరిపోతుంది" అనుకుంటారు. మీ లాంటి వాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

ఫర్మ్‌కి స్లాబులు లేవు. మొదటి రూపాయి నుంచి 30 శాతం, పైన 4 శాతం సెస్. మీ 12 లక్షలు ఫర్మ్ పేరు మీద వచ్చి, సగం లాభం చూపిస్తే 6 లక్షల మీద 1,80,000, సెస్‌తో 1,87,200. ఈ పద్ధతిలో పార్ట్‌నర్ల జీతం విడిగా తీసేసుకోవడం కుదరదు. అదే మీరిద్దరూ విడివిడిగా ప్రాక్టీసు చేస్తూ, చెరో 6 లక్షలు మీ మీ పాన్‌ల మీద చూపిస్తే, చెరో 3 లక్షల లాభం. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. ఒకే ఆఫీసు, ఒకే గుమస్తా, అవే కేసులు. తేడా 1,87,200.

ఫర్మే కావాలంటే రెండో దారి ఉంది. పూర్తి లెక్కలు రాసి, పార్ట్‌నర్లకు జీతం ఇవ్వడం. పెట్రోలు, తరుగుదల అన్నీ కలిపి ఖర్చు 5 లక్షలు అయిందనుకోండి. మిగిలింది 7 లక్షలు. అందులో మొదటి 6 లక్షలకు 90 శాతం, ఆపై లక్షకు 60 శాతం, అంటే 5,40,000, 60,000 కలిపి 6 లక్షల దాకా మీ ఇద్దరికీ జీతంగా ఇవ్వచ్చు. ఫర్మ్ మీద మిగిలే లక్షకు పన్ను 31,200. అయితే ఆ జీతం ఎంతో, ఎలా లెక్కిస్తారో పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో (ఒప్పంద పత్రంలో) స్పష్టంగా రాసి ఉండాలి. డీడ్‌లో లేకపోతే తగ్గింపు ఇవ్వరు. పైగా జీతాలు పోగా ఫర్మ్ లాభం రాబడిలో సగం కన్నా తక్కువ చూపించారు కాబట్టి, రాబడి ఎంత చిన్నదైనా ఆడిట్ తప్పదు. మా ఫీజు కూడా మీ ఖర్చులో వేసుకోండి.

ఇంకొకటి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఫర్మ్ తన పార్ట్‌నర్‌కి ఇచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి కట్టాలి. అంటే మొదటి రోజు నుంచే టాన్ (టీడీఎస్ కట్టేవాళ్లకు ఇచ్చే) నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వెయ్యాలి. రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200. ఇద్దరే ఉన్న ఆఫీసులో ఈ పని ఎవరూ పట్టించుకోరు, మార్చిలో గానీ గుర్తుకు రాదు.

బ్రాడీపేట జూనియర్:

ఆడిటర్ గారూ, మీ లెక్క చూసి ఇద్దరం రాత్రి పదకొండు దాకా ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఫర్మ్ అంటే గౌరవంగా ఉంటుందనుకున్నామే గానీ, పన్ను ఇంత తేడా వస్తుందని తెలియదు. మరి ఆ కోల్డ్ స్టోరేజీ కంపెనీ జీఎస్టీ సంగతి?

అరండల్‌పేట ఆడిటర్:

వాళ్ల అకౌంటెంట్ పొరబడ్డాడు. న్యాయవాది గానీ, న్యాయవాదుల ఫర్మ్ గానీ వ్యాపార సంస్థకు న్యాయ సేవ చేస్తే జీఎస్టీ కట్టాల్సింది ఆ సంస్థే. రివర్స్ ఛార్జ్ అంటారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ ఇంతే. మామూలు మనుషులకు, జీఎస్టీ పరిమితి దాటని చిన్న వ్యాపారులకు చేసిన సేవ మీద అసలు పన్నే లేదు. కాబట్టి వేరే వ్యాపారం లేని న్యాయవాదికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బిల్లు మీద 18 శాతం వేయొద్దు. "పన్ను రివర్స్ ఛార్జ్ కింద సేవ పొందినవారు చెల్లించాలి" అని ఒక వాక్యం రాసివ్వండి. వాళ్లు కట్టి, తమకు అర్హత ఉంటే ఆ పన్నుకు క్రెడిట్ (తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపు) తీసుకుంటారు. రిటైనర్ ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు, అది రిటర్న్‌లో మీకు జమ అవుతుంది. వాళ్లకిచ్చే పాన్ ఎవరిదో మొదటి బిల్లుకు ముందే తేల్చుకోండి.

మీ ఓనర్‌కి జీఎస్టీ ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే 14,000 అద్దె మీద 18 శాతం, అంటే 2,520 అదనంగా పడుతుంది. మీకు క్రెడిట్ రాదు, అదంతా ఖర్చే.

పటమట న్యాయవాది:

ఇక్కడ నా అనుభవం ఒకటి రాయాలి. నేనూ నా క్లాస్‌మేటూ డీడ్ లేకుండా నాలుగేళ్లు కలిసి నడిపాం. ఇద్దరి ఫీజులూ అతని సేవింగ్స్ ఖాతాలోకి వచ్చేవి. కోర్టు ఫీజుకని పార్టీలు ఇచ్చిన డబ్బూ అందులోకే. ఒక మనీ సూట్‌లో కోర్టు ఫీజుకని పార్టీ ఇచ్చిన 38,000 ఆ నెల అద్దెకీ గుమస్తా జీతానికీ వాడేశాం. దావా వెయ్యాల్సిన రోజు వచ్చేసరికి ఖాతాలో 6,000 ఉంది. లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, ఇంకా రెండు రోజులే. నా భార్య గాజులు పెట్టి ఆ సాయంత్రం ఛలానా కట్టాను. ఇప్పటికీ ఆ పార్టీ కనబడితే నాకు తల ఎత్తబుద్ధి కాదు, ఆయనకు విషయం తెలియకపోయినా.

బార్ కౌన్సిల్ నిబంధనల్లో ఇదంతా ఉంది. పార్టీ ఇచ్చిన డబ్బుకు లెక్క రాయాలి. ఫీజుకిచ్చింది ఎంత, ఖర్చులకిచ్చింది ఎంత అని విడిగా చూపాలి. ఖర్చులకిచ్చింది కేసు నడుస్తుండగా పార్టీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫీజు కింద మళ్లించకూడదు. అడిగితే లెక్క కాపీ ఇవ్వాలి. నేను ఆ తర్వాత ఒక విడి ఖాతా తెరిచాను, పార్టీల ఖర్చు డబ్బు తప్ప ఇంకేదీ అందులో వెయ్యను. చిట్టాలో ప్రతి పార్టీకి ఒక పేజీ. పేజీ పైన కేసు నంబరు, ఎడమ వైపు వచ్చింది, కుడి వైపు కోర్టు ఫీజు, ప్రాసెస్, అడ్వకేట్ కమిషనర్ ఫీజు, జిరాక్సు. శనివారం సాయంత్రం గుమస్తాతో కూర్చుని పాస్‌బుక్‌తో సరిచూస్తాను. ఇరవై నిమిషాల పని.

విడిపోయినప్పుడు ఇంకో గొడవ. ఫీజు బాకీ ఉందని అతను కొన్ని ఫైళ్లు అట్టే పెట్టుకున్నాడు. ఫీజు రాలేదని పార్టీ కాగితాలు ఆపే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే, ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఆ తీర్పు కాపీ చేతికిచ్చాకే ఫైళ్లు బయటికొచ్చాయి. ఈలోపు రెండు వాయిదాలు పోయాయి.

గవర్నర్‌పేట సీనియర్:

పటమట మిత్రుడు చెప్పింది ప్రతి జూనియరూ చదవాలి. విడివిడిగా ప్రాక్టీసు చేస్తూ ఆఫీసు పంచుకున్నా సరే, ఒక ఒప్పందం రాసుకోండి. అద్దె అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ ఉండాలి. అడ్వాన్సులో ఎవరిది ఎంత, ఎవరైనా వెళ్లిపోతే నడుస్తున్న కేసుల్లో రాబోయే ఫీజు ఎలా, ఏ ఫైలు ఎవరి దగ్గర ఉండాలన్నది పార్టీయే చెప్పాలన్న షరతు, ఇవి ముఖ్యం. ఇద్దరూ కలిసి చేసిన కేసుకు ఫీజు పంచుకోవడంలో తప్పు లేదు, ఇద్దరూ న్యాయవాదులే కాబట్టి.

తర్వాతెప్పుడైనా ఫర్మ్ పెడితే 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. తప్పనిసరి కాదంటారు గానీ, రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ల మీద బాకీకి దావా వెయ్యలేదు. ఫర్మ్ తరఫున ఒకరు చేసిన అప్పుకు ఇంకొకరి ఇల్లు కూడా బాధ్యతలో ఉంటుందని గుర్తుంచుకోండి. ఎల్ఎల్‌పీలో ఆ భయం తక్కువ, కానీ మే 30కి ఒకటి, అక్టోబరు 30కి ఒకటి రిటర్న్‌లు ఉంటాయి, రాబడి లేకపోయినా వెయ్యాల్సిందే. ఆలస్యమైన కొద్దీ అదనపు రుసుము పెరుగుతుంది. మీకు ఇప్పుడు వద్దు.

బోర్డు గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. మరీ పెద్దది పెట్టొద్దు, "క్రిమినల్ స్పెషలిస్ట్" లాంటివి రాయొద్దు, బార్ కౌన్సిల్ రూల్ 36 ఒప్పుకోదు. వెబ్‌సైట్లో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ప్రాక్టీసు చేసే విభాగాలు పెట్టుకోవచ్చు, 2008 నుంచి ఆ వెసులుబాటు ఉంది. డబ్బు కట్టి కేసులు తెప్పించే ఆన్‌లైన్ సైట్ల జోలికి వెళ్లొద్దు. 2024 జులైలో మద్రాస్ హైకోర్టు దీని మీద గట్టిగానే చెప్పింది. యాక్సిడెంట్ కేసుల్లో వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం కూడా నిషేధమే. ఊళ్లో ఎంతమంది చేస్తున్నా సరే, మీరు చేయకండి.

బ్రాడీపేట జూనియర్:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న బావగారితో మాట్లాడాను. వాటా ఎందుకు కుదరదో వివరిస్తే మొదట నొచ్చుకున్నారు. తర్వాత, అవసరమైతే అప్పుగా ఇస్తాను, లేకపోతే వద్దు అన్నారు. ప్రస్తుతానికి వద్దనే చెప్పాను. ఓనర్ నాలుగు నెలల అడ్వాన్సుకు దిగొచ్చాడు, జీఎస్టీ లేదు. ఈ ఏడాది ఇద్దరం విడి పాన్‌లతోనే నడుపుతాం, రిటైనర్ బిల్లు నా పేరున ఇస్తాను. అద్దె అగ్రిమెంటూ మా ఒప్పందమూ ఒకే రోజు రాసుకుంటున్నాం. పార్టీల ఖర్చు డబ్బుకు బ్యాంకులో ఇద్దరి పేరున జాయింట్ ఖాతా తెరవచ్చా? లేక ఎవరిది వాళ్లదా?

పటమట న్యాయవాది:

ఎవరిది వాళ్లు తెరవండమ్మా. వకాలత్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నా, ఆ పార్టీ డబ్బు ఎవరి చేతికి ఇచ్చిందో వాళ్లదే లెక్క. రసీదు పుస్తకం మాత్రం రెండు ప్రతులది కొట్టించుకోండి, ఫీజుకి ఒక గడి, ఖర్చులకి ఒక గడి విడిగా ఉండేలా. డబ్బు తీసుకున్న క్షణంలోనే రాసి, పార్టీ సంతకం పెట్టించుకోండి.