తమ్ముడికి నాలుగేళ్లలో మూడో క్లబ్బు, ఇది మామూలేనా?

మాది విజయనగరం. మా తమ్ముడు ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడతాడు. మళ్లీ ఏడాది కాంట్రాక్టే ఇచ్చారు. పాత క్లబ్బు రెండు నెలల జీతం ఎగ్గొట్టింది. ఇంటికొస్తే బూట్ల కింద అరిగిన స్టడ్స్‌ని వేలితో తడుముతూ కూర్చుంటాడు. అమ్మకి ఒకటే టెన్షన్. ఆట మానేయమననా?

జవాబు: మానిపించకమ్మా. భారత జట్టుకి ఆడిన మిడ్‌ఫీల్డర్ మెహతాబ్ హుస్సేన్ కూడా ఈస్ట్ బెంగాల్, కేరళ బ్లాస్టర్స్, జంషెడ్‌పూర్ క్లబ్బులన్నీ తిరిగి ఆఖర్న మోహన్ బగాన్‌కి ఆడాడు. బంతి లాక్కుని పక్కవాడికి అందించేవాడి పేరు పేపర్లో రాదు. కోచ్‌కి మాత్రం వాడే కావాలి. నేను శ్రీకాకుళంలో పిల్లలని ఆడిస్తాను, రోజూ చూస్తున్నదే.

జవాబు: కొత్త చోట కూడా రెండు నెలల జీతం ఆగితే రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఇది ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిబంధన. ఫోన్లో అడిగి ఊరుకోవద్దు.

అక్క: చదివి వినిపించాను. కాంట్రాక్టు కాగితాలు బీరువాలోంచి తీశాడు.