చర్చికి వెళ్తే అట్రాసిటీ కేసు చెల్లదా?

గుంటూరు శీను:
2025లో ఏపీ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మీద మొన్న మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఓ పాస్టర్ కేసు పెట్టాడు. పదేళ్లుగా పాస్టర్ కాబట్టి ఆయన ఎస్సీ కాదని, అట్రాసిటీ చట్టం వర్తించదని కోర్టు కొట్టేసింది. చేతిలో కుల సర్టిఫికెట్ ఉన్నా లాభం లేదంది. ఇది సబబేనంటారా?

విశాఖ వాసు:
సబబే. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా చదవండి. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు అందులో లేరు. మా మతంలో కులం లేదని పిలుస్తారు, వెళ్లాక కులం సర్టిఫికెట్ కావాలంటారు. ఏదో ఒకటి చెప్పండి. ఏపీలో వాళ్లకు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ ఎలాగూ ఉంది.

పడమటి పల్లె:
వాసు గారూ, కులం లేదన్నది బైబిలు. మా ఊరు ఆ మాట అనలేదు. మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకుని అరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ సమాధుల తోటలో మోకాలెత్తు గోడ ఉంది, అటు పెద్ద కులాల క్రైస్తవులు, ఇటు మేము. టీ హోటల్లో మా తాతకి చిప్పలో పోసేవాళ్లు. పోసేవాడు ఆదివారం ఎక్కడికెళ్తావని ఏనాడూ అడగలేదు. తిట్టేవాడికి లేని అనుమానం కోర్టుకి ఎందుకు?

ఇంకో సంగతి. అరకులో గిరిజనుడు బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీగానే ఉంటాడు. మైదానంలో మాల, మాదిగలకు మాత్రం హోదా పోతుంది. అందుకే ఏటా ఆగస్టు 10న, ఆ ఉత్తర్వు వచ్చిన రోజున, దళిత క్రైస్తవులు బ్లాక్ డే చేస్తారు.

చర్మకార బిడ్డ:
నేను మాదిగని, హిందువుని. సూటిగా చెప్తా. ఉన్న 15 శాతం ఎస్సీ కోటాలో మా వాటా కోసమే ముప్పై ఏళ్లు కొట్లాడాం, కోటాను కులాలవారీగా పంచే వర్గీకరణ ఇప్పుడిప్పుడే వచ్చింది. మిషనరీ స్కూళ్లలో చదివినవాళ్లు వచ్చి కలిస్తే మా పిల్లలు మళ్లీ వెనకబడతారు. కానీ తన్నులు తినడంలో వాటాలుండవు కదా. సీటు విషయం వేరు, కేసు విషయం వేరు. రెండింటినీ ఒకే సర్టిఫికెట్‌కి ముడిపెట్టడమే అసలు తంటా.

విశాఖ వాసు:
అంటరానితనం మీద 1955 చట్టం ఉందిగా? అందులో బాధితుడిది ఫలానా మతమే కావాలన్న షరతు లేదు, ‘ఏ వ్యక్తినైనా’ అనే రాశారు.

రిటైర్డ్ గుమాస్తా:
ఉంది బాబూ, నిజమే. దాని కింద పడేది మామూలుగా నెల నుంచి ఆరు నెలల శిక్ష. అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా పడుతుంది, ప్రత్యేక కోర్టు, నష్టపరిహారం, ముందస్తు బెయిల్‌కి అడ్డంకి కూడా ఉంటాయి. తేడా తెలిసే మాట్లాడండి.

1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పిచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషాయన. ప్రభుత్వం హిందూ ఎస్సీలకు పని చేసుకోడానికి ఉచితంగా బడ్డీలిచ్చింది, క్రైస్తవుడివని ఈయనకు ఇవ్వలేదు. మతం మారాక కూడా ఆ వెనకబాటు అంతే తీవ్రంగా ఉందని రుజువులు చూపించాలంది కోర్టు. పక్కపక్కనే కూర్చుని అదే తోలు కోసే ఇద్దరిలో ఒకడు రుజువు తేవాలట! 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం షరతు తీసేయమంది. 2022లో ఇదే విషయం తేల్చమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023లో మన ఏపీ అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. కాగితాలకి కొదవ లేదు.

విశాఖ వాసు:
శిక్షల తేడా అంతుందనుకోలేదు. కేసుల వరకు ఆలోచించాల్సిందే. రిజర్వేషన్ మాట మాత్రం నేను మార్చను.

పడమటి పల్లె:
మార్చకండి, పర్లేదు. మా చెల్లి పెళ్లి పోయిన మేలో చర్చిలోనే జరిగింది. శుభలేఖలో మాత్రం కల్యాణ మండపం పేరు వేయించాం, సిలువ బొమ్మ తీసేయించాం. వరుడు ఎస్సీ కోటాలో ఉద్యోగి. ఎవరైనా ఆ కార్డు పట్టుకెళ్లి ఆఫీసులో పెడతారని అమ్మకి ఒకటే టెన్షన్. ఫొటోగ్రాఫర్‌కి కూడా చెప్పింది, పాస్టర్ గారు ఫ్రేములో పడకుండా తీయమని.