అరచేతంత బొమ్మ ముందు అంతసేపు ఎందుకు నిలబడిపోయాను?

నరసాపురం అమ్మాయి:
పోయిన నెల హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాను. పెద్ద పెద్ద ఆయిల్ పెయింటింగులు నడుస్తూనే చూసేశాను గానీ, అరచేతంత దక్కనీ మినియేచర్ (దక్కన్ శైలి చిన్న బొమ్మ) ఒకటి నన్ను కదలనివ్వలేదు. ఆ బొమ్మలో ఉన్నావిడ ఓణీ అంచు మీది చుక్కలు లెక్కపెడుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ లేసు అల్లేది, సాయంత్రం అరుగు మీద వెలుతురున్నంతసేపూ. అల్లికలో ఒక్క కన్ను తప్పినా వరసంతా విప్పేసేది. "ఎవరు చూస్తారే?" అంటే, "పరిచాక ముందు కంటికి అదే తగులుద్ది" అనేది.

ఇంటికొచ్చి నేనూ మొదలెట్టాను. పోస్టుకార్డంత కాగితం, సున్నా నంబరు బ్రష్, పోస్టర్ కలర్. ఈ ముసురుకి కాగితం మెత్తబడి, మూడో పూతకే ఉబ్బి, గీత పాకిపోతోంది. ఏం చెయ్యాలి? చిన్న బొమ్మ మనిషిని అంతలా ఎలా లాగుతుంది?

రాజమండ్రి డ్రాయింగు మాస్టారు:
అమ్మా, రెండోది ముందు చెప్తాను. అవి గోడకి తగిలించడానికి వేసినవి కావు. పుస్తకాల్లో, ఆల్బమ్‌లలో ఉండేవి. చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూసేవారు. మ్యూజియంలో అద్దం అడ్డొచ్చింది కాబట్టి మీరు వంగారు. అసలు మినియేచర్ అనే మాట చిన్నదనం నుంచి రాలేదు. లాటిన్‌లో మినియం అంటే సిందూరం, చేతిరాత పుస్తకాల్లో అద్దే ఎర్ర రంగు. 1612లో గోవా నుంచి టర్కీ కోడి వస్తే జహంగీర్ బొమ్మ వేయించాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ వేసిన ఆ టర్కీ కోడి మెడ మీద ముడతలు చూడండి, ఎక్కడా తొందరపడలేదు.

కోనసీమ కొబ్బరి రైతు:
కాగితం సంగతి నేను చెప్తానండి, జైపూర్‌లో కొన్నాళ్ళు నేర్చుకున్నాను. ఒక్క కాగితం ఆగదు. నాలుగైదు పల్చటివి మైదా జిగురుతో అంటించి, బరువు కింద ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్దాలి. దాన్ని వస్లీ అంటారు. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. మనం కొబ్బరి మొవ్వుకుళ్ళు తెగులుకి సున్నంతో కలిపి పోసేది అదే. విషమండీ, చేతులు కడుక్కోండి, బ్రష్ మొన నోట్లో పెట్టుకుని తిప్పకండి. బ్రష్ గుడ్డకి అద్ది, దాదాపు పొడిగా, సన్నటి గీతలూ చుక్కలూ వెయ్యండి. పూత ఆరాక బొమ్మ బోర్లించి వెనకనుంచి రుద్దితే రంగు కాగితంలోకి దిగి కూర్చుంటుంది.

నరసాపురం అమ్మాయి:
చేశానండి! రాయి దొరక్క, అంతర్వేది తీర్థంలో కొన్న పెద్ద గవ్వతో రుద్దాను. నాలుగో పూత నిలిచింది. అమ్మ అరుగు మీద కూర్చున్న బొమ్మ. మొహం, చీర అయ్యాయి. చేతిలో లేసు మిగిలింది. వాన తగ్గాక, పొద్దున్న వెలుతుర్లో మొదలెడతాను.