కొత్త ఎస్‌ఎంపీఎస్: 8 పిన్ కనెక్టర్ పెడితేనే సిస్టమ్ ఆగిపోతోంది

మాది మిర్యాలగూడ. కరెంటు హెచ్చుతగ్గులకు నా కంప్యూటర్‌లోని పాత ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై) కాలిపోతే కొత్తది, 450 వాట్లది, బిగించాను. మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్ కనెక్టర్ ఒక్కటే పెడితే ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం లేదు. ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్ కూడా పెడితే ఫ్యాన్ ఒక్క సెకను కదిలి ఆగిపోతోంది. అది గ్రాఫిక్స్ కార్డు వైరు కాదు, 4+4దే, చూసే పెట్టాను.

ర్యామ్ ఒక్కటే ఉంచి, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్‌డిస్క్ తీసేసి చూశాను. సీమాస్ బ్యాటరీ (బోర్డు సెట్టింగులను నిలిపే చిన్న బ్యాటరీ) తీసి మళ్ళీ పెట్టాను. బోర్డు నుంచి విడదీసి ఆకుపచ్చ, నలుపు వైర్లు కలిపితే ఎస్‌ఎంపీఎస్ బాగానే నడుస్తోంది, పసుపు వైరులో 12.1 వోల్టులు వస్తున్నాయి. పవర్ తీసేశాక బోర్డు మీది 8 పిన్ సాకెట్లో 12 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటర్ బీప్ అంటోంది, అంటే అక్కడ షార్ట్ ఉన్నట్టుంది. ఇక్కడి షాపులో కొలిచి చూడకుండానే బోర్డు మార్చమంటున్నారు, అందుకే నమ్మకం కుదరడం లేదు.

ప్రాసెసర్ తీసేశాక కూడా అదే బీప్ వస్తే, షార్ట్ బోర్డులోని మాస్‌ఫెట్‌లదే (ప్రాసెసర్‌కు వెళ్ళే కరెంటును నియంత్రించే చిన్న స్విచ్‌ల్లాంటి భాగాలదే) అని ఖాయంగా అనుకోవచ్చా?