నల్లజాబితా అంటే కాంట్రాక్టరే గుర్తొస్తున్నాడు, ఇంకో మాట ఉందా?

ప్రశ్న: తైవాన్ మీద వ్యాసం రాస్తున్నాను. అక్కడ 1949 నుంచి 1987 దాకా మార్షల్ లా నడిచింది. అమెరికాలో చదువుకుంటూ అక్కడి పాలక పార్టీ కొమింతాంగ్ ప్రభుత్వాన్ని విమర్శించిన తైవాన్ విద్యార్థుల పేర్లు ఓ రహస్య జాబితాకెక్కేవి, ఇక అమ్మానాన్నలు పోయినా ఇంటికి రాలేరు. 'నల్లజాబితా' అంటే నాసిరకం రోడ్డేసిన కాంట్రాక్టరు గుర్తొస్తున్నాడు. 'దేశ బహిష్కరణ' అనొచ్చా?

జవాబు: కుదరదండి. మన పోలీసులు నగర బహిష్కరణ వేసినా దానికో ఉత్తర్వు, గడువు ఉంటాయి. వీళ్లని ఎవరూ వెళ్లగొట్టలేదు, పైచదువుకని వాళ్లంతట వాళ్లే వెళ్లారు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇస్తే కాన్సులేట్‌లో తిరిగి రాదు, సంగతి అప్పుడు అర్థమవుతుంది. క్యాంపస్‌లో మనతో టీ తాగే కుర్రాడే ప్రభుత్వానికి కబుర్లు మోసి ఉండొచ్చు.

ఇంకొకరు: 'వెలి' అనండి, పొట్టిగా ఉంటుంది.

జవాబు: వెలి వేసేది ఊరు కదండీ. ఇక్కడ ఊరు ఎదురు వెళ్లింది. 1986 నవంబరు 30న అమెరికాలో ఉండిపోయిన ప్రతిపక్ష నేత షు షిన్‌ల్యాంగ్ వస్తున్నాడని జనం తావ్‌యువాన్ విమానాశ్రయం దారి పట్టారు, పోలీసులు నీళ్ల ఫిరంగులు, బాష్పవాయువు వాడారు, ఆయన్ని మాత్రం దేశంలోకి రానివ్వలేదు. చివరికి 1989లో చేపల పడవెక్కి దొంగచాటుగా సొంత దేశానికి రాబోయి దొరికిపోయాడు. రానిచ్చినా భయమే అనుకోండి. 1981లో అమెరికా నుంచి సెలవులకు వచ్చిన స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ చెన్ వెన్‌చెంగ్‌ని విచారణకు తీసుకెళ్లారు, మర్నాడు యూనివర్సిటీ ఆవరణలో శవం దొరికింది.

అడిగినవారు: మరి 'రాక నిషేధ జాబితా'?

జవాబు: జీవో చదివినట్టుంది! నా ఓటు నల్లజాబితాకే. చైనీస్‌లోనూ పేరు అదే, 'హేయ్' అంటే నలుపు, 'మింగ్‌దాన్' అంటే పేర్ల పట్టిక. 1989 నవంబరులో జాబితాలో ఉన్న గువో పెయ్‌హుంగ్ తైపే పక్కనే ఓ ఎన్నికల సభలో ప్రత్యక్షమయ్యాడు, పట్టుకోడానికి పోలీసులు కాచుకుని ఉన్నారు, ఇంతలో లైట్లు ఆరిపోయాయి, జనం 'హేయ్' అక్షరం ఉన్న నల్ల ముసుగులు తగిలించుకున్నారు, ఆయన వాళ్లలో కలిసి జారుకున్నాడు. మీరు నలుపు తీసేస్తే ఈ ముసుగుల కథ ఎలా చెప్తారు? మొదటిసారి 'స్వదేశానికి రానివ్వకూడని వాళ్ల నల్లజాబితా' అని నిండుగా రాసేయండి, కాంట్రాక్టరు అడ్డు రాడు.

అడిగినవారు: బాగుందండీ. 1992లో దాన్ని ఎత్తేశారని రాస్తే సరిపోతుందా?

జవాబు: అప్పుడు కూడా కొన్ని పేర్లు ఉంచారు. 'చాలావరకు ఖాళీ చేశారు' అనండి.